కరుణకు తొమ్మిది మార్కులు

కామేశం మాస్టారు ఆసుపత్రికి రాసిన ఉత్తరం మొత్తం నాలుగు వాక్యాలు. నా భార్య వాసంశెట్టి సుభద్ర మీ ఆడవాళ్ళ వార్డులో, పద్నాలుగో నంబరు మంచం మీద పంతొమ్మిది రోజులు ఉండి కన్నుమూసింది. ఆఖరి రోజు ఉదయం మీ హౌస్ సర్జన్ డాక్టర్ పెయ్యల ఎస్తేరు ఆమె పక్కన కాసేపు కూర్చున్నారు. టిఫిను పట్టుకుని వచ్చిన నేను గుమ్మంలో నిలబడి అది చూశాను. కృతజ్ఞుణ్ణి.

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలందరూ బస్సెక్కాక, ఆయన ఈ నాలుగు వాక్యాలనూ మూడుసార్లు చిత్తు రాసి నాలుగోసారి సాపు రాశారు. ఒక్క మాట కూడా ఎక్కువ కాకుండా చూసుకున్నారు. చివరికి మరొకసారి చదువుకుని, జేబులోని ఎర్ర కలం తీసి, కాగితం కింద కుడివైపు మూల ఒక సున్నా చుట్టి, అందులో పదికి తొమ్మిది వేసి పొట్టి సంతకం పెట్టారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా, చేతిలో ఉన్న కాగితం చదవడం పూర్తవగానే ఆయన చెయ్యి చేసే పని అదే. ఉత్తరం పోస్టు డబ్బాలో పడ్డాక గానీ ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

పదికి పది ఎందుకు వెయ్యలేదంటే, ఆయన ఎన్నడూ ఎవరికీ వెయ్యలేదు కనుక. తెలుగు మాస్టర్లకు అదొక పట్టింపు. లెక్కల పేపరుకు నూటికి నూరు పడితే పిల్లవాడు తెలివైనవాడంటారు. తెలుగు పేపరుకు పడితే దిద్దినవాడికి తెలుగు రాదంటారు. అందుకని వ్యాసం ఎంత బాగున్నా ఒక మార్కు తమ దగ్గరే ఉంచుకోవడం వాళ్ళ ఆనవాయితీ.

ఆ ఆసుపత్రి పేరు శ్రీ మహోదయ వైద్య విజ్ఞాన సంస్థ. ఎంబీబీఎస్ అయ్యాక ఏదో ఒక శాఖలో నిపుణులు కాదలచుకున్నవాళ్ళు అక్కడ మూడేళ్ళు రెసిడెంట్లుగా పనిచేస్తారు. ఏడాదికి పన్నెండు సీట్లు. వాటికి ఒక రాతపరీక్ష, ఒక ఇంటర్వ్యూ. పూర్వం ఇంటర్వ్యూలో నాన్నగారేం చేస్తారు, మేనమామగారు ఎక్కడుంటారు అని కనుక్కుని పంపేవారు. ఆ సంవత్సరం డైరెక్టరు డాక్టర్ విస్సాప్రగడ శ్రీకర్ గారు ఏదో సదస్సుకు వెళ్ళి, వైద్యుడికి ముఖ్యంగా ఉండవలసింది కరుణ అని తెలుసుకుని వచ్చారు. వచ్చిన వారానికల్లా ఇంటర్వ్యూ మార్కులు యాభైకి యాభై కరుణకే కేటాయించారు. గేటు దగ్గర 'కరుణ లేనిదే ప్రవేశం లేదు' అని పెద్ద బోర్డు వెలిసింది. మొదటి రోజు తండ్రిని ఆటోలో తీసుకొచ్చిన ఒక రైతు అది చదివి, ఆ కాయితం ఏ ఆఫీసులో ఇత్తారండీ అని వాచ్‌మన్‌ను అడిగి, వాచ్‌మన్ కనుక్కుని వచ్చేదాకా గేటు బయటే ఉండిపోయాడు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే కొలవడంలో. జ్వరానికి థర్మామీటరుంది, రక్తపోటుకు యంత్రముంది, కరుణకు ఏదీ లేదు. దాని కోసం వేసిన సలహా సంఘం మూడుసార్లు సమావేశమై, జీడిపప్పు పకోడీ అయిపోగానే మూడుసార్లూ వాయిదా పడింది. 'కరుణకు ప్రామాణిక కొలమానం లభ్యం కాలేదు' అని ఫైలు మీద రాసి మూసేయబోతున్న రోజునే మాస్టారి ఉత్తరం చేరింది. సంస్థ పుట్టాక కరుణను అంకెల్లో చూపించిన మొదటి కాగితం అది. డైరెక్టరు గారు దాన్ని లామినేషన్ చేయించారు.

పది రోజుల తర్వాత రిజిస్ట్రారు కోలా వెంకటరత్నం గారు ఒక శాలువా, ఒక ఫైలు పట్టుకుని కారులో మాస్టారింటికి వచ్చారు. శాలువా కప్పి, సుభద్ర ఫొటోకు నమస్కారం పెట్టి, కుర్చీలో సర్దుకుని, తొమ్మిది మార్కుల వివరం ఇప్పించమని అడిగారు. కూర్చున్నందుకు ఎన్ని, కూర్చున్న తీరుకు ఎన్ని, అన్నిటికంటే ముఖ్యంగా, తగ్గిన ఆ ఒక్క మార్కు దేనికి తగ్గింది.

మాస్టారు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. దేనికీ తగ్గలేదు, అది తన అలవాటు.

"అలవాటు అని ఫైల్లో ఎలా రాత్తామండి" అన్నారు రిజిస్ట్రారు నొచ్చుకుంటూ. "ముప్ఫయ్యొక్క ఏళ్ళు పేపర్లు దిద్దిన మనిషి మీరు. జవాబుల కీ లేకుండా మార్కులేశారంటే మీకే మాటొత్తాది మాస్టారూ."

ఆ మాట మాస్టారికి గట్టిగానే తగిలింది. అయినా, మర్యాదకు ఒక కాఫీ ఇచ్చి, ఈ వ్యవహారంలో తనను వదిలేయమన్నారు. అప్పుడు రిజిస్ట్రారు ఫైలు తెరిచి అభ్యర్థుల జాబితా చూపించారు. ఎనభై ఆరు మంది. రాతపరీక్షలో ఆరో ర్యాంకు డాక్టర్ పెయ్యల ఎస్తేరుది. హౌస్ సర్జన్సీ అయిపోయి ఇప్పుడు జనరల్ మెడిసిన్ సీటుకు పెట్టుకుంది. ఆమె పేరుకు ఎదురుగా 'నిర్ధారిత కరుణా లోపం' అన్న గడిలో ఒకటి అని వేసి ఉంది. మిగతా ఎనభై అయిదు మందికీ అదే గడిలో అడ్డగీత ఉంది.

మాస్టారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. మిగతావాళ్ళకు లోపం ఎందుకు లేదని అడిగారు.

వాళ్ళ కరుణను ఎవరూ కొలవలేదు కదండీ, కొలవనిదాంట్లో లోపం ఉందని ఎలా అంటామండీ అని రిజిస్ట్రారు ఓపికగా వివరించారు. ఈ అమ్మాయి కరుణ ఒక్కటే రికార్డులో ఉంది. కనుక లోపం కూడా ఈమె ఒక్కదానికే ఉంది. నిర్ధారిత లోపం ఉన్న అభ్యర్థిని, ఆ లోపానికి కారణం తేలేదాకా, సీటుకు పరిగణించరాదని కొత్త నిబంధనల్లో ఏడోది చెబుతోంది.

"మీరొచ్చి చీఫ్ ఎగ్జామినరుగా కూర్చున్నారనుకోండి, మీ మార్కు మీ చేత్తోనే సరిచేసుకోవచ్చండి" అన్నారు. "రారంటారా, ఆ అమ్మాయి గీత అంతేనండి."

తను వేసిన ఎర్ర గుర్తు ఒక పిల్ల సీటుకు అడ్డం పడుతుందని మాస్టారు అనుకోలేదు. వస్తానన్నారు.

ఇంటర్వ్యూకు ముందు సన్నాహాలు రెండు నెలలు సాగాయి. వార్డు కెమెరాలో ఆ ఉదయం తాలూకు బొమ్మ దొరికింది. మాట వినిపించదు గానీ మనుషులు కనిపిస్తారు. తొమ్మిది నలభైకి కూర్చుంది, తొమ్మిది యాభై ఒకటికి లేచింది. పదకొండు నిమిషాలు. మంచం అంచు మీద, ముఖం రోగి వైపు, కుడిచెయ్యి రోగి చేతిలో. ఇవన్నీ నమోదు చేసి, 'ప్రామాణిక కరుణ' అంటే ఇదేనని ఉత్తర్వు ఇచ్చారు. ఈలోగా ఒక నర్సు, రోగుల మంచాల మీద కూర్చోరాదు అని వార్డులో బోర్డుంది కదా అని గుర్తుచేసింది. సంఘం మళ్ళీ సమావేశమై, బోర్డు కింద 'కరుణ నిమిత్తం తప్ప' అని చిన్న అక్షరాలతో రాయించింది.

ఉత్తర్వు బయటికి రాగానే ఊళ్ళో కోచింగులు మొదలయ్యాయి. మెయిన్ రోడ్డులో ఒక సంస్థ ఇరవై ఇనుప మంచాలు కొని ఉదయం బ్యాచి, సాయంత్రం బ్యాచి పెట్టింది. వారాంతంలో మాక్ టెస్టు. పాఠ్యాంశాలు మూడు భాగాలు: కూర్చోవడం, చూడడం, లేవడం. బస్సులో మాస్టారి పక్క సీటులో ఒక కుర్రాడు నోట్సు తిరగేస్తూ కనిపించాడు. నాలుగో నిమిషంలో నిట్టూర్పు, ఏడో నిమిషంలో దుప్పటి సర్దుట అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. దస్తూరీ బాగుందని మాస్టారు మనసులో అనుకున్నారు. అంతకుమించి ఏమీ అనుకోకుండా కిటికీలోంచి బయటికి చూశారు.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. రాతపరీక్ష ర్యాంకుల్లో మొదటి పాతిక మందినే పిలిచారు. ప్రామాణికత కోసం అదే వార్డు, అదే పద్నాలుగో మంచం ఏర్పాటు చేశారు. దాని మీద ఉన్న ముసలావిణ్ణి సెలైను సీసాతో సహా వరండాలోకి మార్చారు. రోగిగా అటెండరు గంగరాజును మెడదాకా దుప్పటి కప్పి పడుకోబెట్టారు. ఎదురుగా బల్ల వేసి డైరెక్టరు గారు, రిజిస్ట్రారు గారు, వాళ్ళ మధ్యలో మాస్టారు కూర్చున్నారు. మాస్టారు ఆ మంచం వైపు ఒక్కసారి చూసి, తర్వాత మార్కుల కాగితం మీద నుంచి కళ్ళెత్తలేదు.

డైరెక్టరు గారు లేచి ప్రారంభోపన్యాసం చేశారు. వైద్యరంగ చరిత్రలో కరుణ ఇంతకాలం అనుభూతి స్థాయిలోనే స్తంభించిపోయిందనీ, దాన్ని ఆధారసహిత, సమయపాలిత, పునరావృత యోగ్యమైన ప్రక్రియగా తీర్చిదిద్దే మహత్తర బాధ్యత ఈ సంస్థ భుజస్కంధాల మీద పడిందనీ చెప్పారు. దుప్పటి కింద నుంచి గంగరాజు చప్పట్లు కొట్టాడు. రోగి చప్పట్లు కొట్టరాదని రిజిస్ట్రారు మందలించారు.

మొదటి అభ్యర్థి పదకొండో నిమిషం నిండగానే, గంగరాజు కడుపు నొప్పి గురించి చెబుతున్న మాట సగంలో ఉండగా లేచి నిలబడి సెలవు తీసుకున్నాడు. సమయపాలనకు పూర్తి మార్కులు పడ్డాయి. మూడో అమ్మాయి నాలుగో నిమిషంలో నిట్టూర్చవలసింది పొరపాటున ఏడ్చేసి, సిలబస్ దాటినందుకు రెండు మార్కులు పోగొట్టుకుని, అప్పుడు నిజంగా ఏడ్చింది. ఆ ఏడుపు లెక్కలోకి రాదన్నారు. పదో అభ్యర్థి వేళకు గంగరాజు గురక పెడుతున్నాడు. 'రోగికి సంపూర్ణ ఉపశమనం' అని డైరెక్టరు గారు తన చేత్తో రాసి ఆ కుర్రాడికి యాభైకి యాభై వేయించారు.

తర్వాత వచ్చిన ఒక పొడుగాటి అబ్బాయి మంచం మీద కూర్చుని గంగరాజు చెయ్యి పట్టుకోగానే మొహం చిట్లించాడు. నాడి చూశాడు. గోడకున్న యంత్రం తీసి రక్తపోటు చూశాడు. ఎన్నాళ్ళ నుంచి తల తిరుగుతోంది బాబాయ్, మాత్ర ఏదన్నా వేసుకుంటున్నావా అని అడిగాడు. ఆర్నెల్ల నుంచి తిరుగుతోందని, ఎవరికీ చెప్పలేదని గంగరాజు నటించడం మర్చిపోయి చెప్పాడు. అబ్బాయి చీటీ రాసి ఇచ్చి, ఇవాళే మొదలుపెట్టమన్నాడు.

"అడిగిన ప్రశ్నకు సంబంధం లేని జవాబు" అన్నారు డైరెక్టరు గారు. "ఇక్కడ పరీక్షిస్తున్నది కరుణను. వైద్యం రాతపరీక్షలో అయిపోయింది."

మాస్టారు ఆ అబ్బాయికి నలభై అయిదు వేశారు. రిజిస్ట్రారు మర్యాదగా కాగితం తన వైపు తిప్పుకుని దాన్ని అయిదు చేశారు.

మధ్యాహ్నం రెండు దాటాక, అందరికంటే చివర, ఎస్తేరు వంతు వచ్చింది. సన్నగా, కళ్ళ కింద నలుపుతో, ఇస్త్రీ చేసిన పాత చీరలో వచ్చింది. మంచం మీది మనిషిని చూసి, గంగరాజు గారా, ఏమైందండీ అని కంగారుపడింది. ఏమీ కాలేదని చెప్పాక కూర్చోకుండా నిలబడింది. ఈమె విషయంలో ప్రదర్శన అక్కర్లేదని, కెమెరాలోని అసలు బొమ్మే సంస్థ దగ్గర ఉందని డైరెక్టరు గారు చెప్పి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"సదరు దినమున ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు మీరు ఈ మంచముపై ఆసీనులగుటకు మీలో కలిగిన ప్రేరణ ఏమిటి?"

ఎస్తేరు ఆయన వైపు, మాస్టారి వైపు చూసింది. "కాళ్ళు పీకేశాయండి" అంది.

"అనగా?"

"ముందు రోజు పొద్దున్నించి డ్యూటీయేనండి. ఒక్కదాన్నే ఉన్నాను. నిలబడలేకపోయానండి."

డైరెక్టరు గారి ముఖంలో వెలుగొచ్చింది. రెండు నెలలుగా దొరకని ఆ ఒక్క మార్కు దొరికింది. అలసట. ఆ వెంటనే రిజిస్ట్రారు వంగి, అలాగైతే ఒక్క మార్కు కాదండీ, తొమ్మిదీ పోతాయండీ, ఆ కూర్చోవడమే కరుణ వల్ల కాదు, కాళ్ళ వల్ల అని డైరెక్టరు గారి చెవిలో అన్నారు. ఆ చెవి మాస్టారి చెవికి పక్కనే ఉంది.

ఈ మూడు నెలలూ మాస్టారు బడికి వెళ్ళడానికి, వండుకోవడానికి, రాత్రి దీపం ఆర్పడానికి ఆ గుమ్మంలోంచి చూసిన బొమ్మ ఒక్కటే ఆయనకు ఆసరా. ఆఖరి రోజున సుభద్ర పక్కన ఎవరో కూర్చున్నారు, ఆమె కోసం కూర్చున్నారు. ఎర్ర కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశారు. ఆ రోజు బల్ల దగ్గర ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే.

"బయట బల్లలున్నాయి కదమ్మా. నర్సుల గదిలో కుర్చీ ఉంది. అక్కడ కూర్చోలేదేం?"

"నేనుగా కూర్చోలేదు మాస్టారూ" అంది ఎస్తేరు. "ఆవిడ కూర్చోబెట్టారండి. సెలైను చూసి వెళ్ళిపోతంటే చెయ్యి పట్టుకున్నారు. నిన్నట్నించి చూత్తున్నాను, నిలబడే ఉన్నావు, కాసేపు కూర్చోవే పిల్లా అన్నారు. వద్దండీ అంటే వినలేదు. పక్కకి జరిగి చోటిచ్చారండి."

"జరిగిందా" అన్నారు మాస్టారు.

"జరిగారండి. అది చూశాక కూర్చోకపోతే తప్పనిపించింది."

అప్పటికి నాలుగు రోజులుగా సుభద్ర తనంతట తాను ఒత్తిగిలలేకపోయింది. దుప్పటి మార్చాలంటే ఒక నర్సు, ఒక ఆయా, మాస్టారు, ముగ్గురూ పట్టుకునేవారు. ఆ సంగతి మాస్టారికి తెలుసు, ఎస్తేరుకు తెలుసు. బల్ల దగ్గర ఉన్న మిగతా ఇద్దరికీ తెలియదు, వాళ్ళు నిబంధనల పుస్తకం తిరగేస్తున్నారు.

మాస్టారు మార్కుల కాగితం ముందుకు లాక్కున్నారు. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దే స్పాట్ క్యాంపులో అప్పుడప్పుడు ఇలాంటిది జరుగుతుందని, ఒకరి పేపరుకు పడిన మార్కులు వేరొకరి నంబరుకు ఎక్కుతాయని, అలా ఎక్కినప్పుడు దిద్దినవాడే కొట్టేసి, సరైన నంబరుకు ఎక్కించి, పొట్టి సంతకం చేయాలని, దానికి పైవాళ్ళ అనుమతి కూడా అక్కర్లేదని పాఠం చెప్పినట్టు చెప్పారు. చెబుతూనే ఎస్తేరు పేరుకు ఎదురుగా ముందే ఎక్కించి ఉన్న తొమ్మిదిని ఒక్క గీతతో కొట్టేశారు. కింద కొత్త వరసలో వాసంశెట్టి సుభద్ర, పద్నాలుగో నంబరు మంచం అని రాశారు.

"మరి మార్కులండి?" అన్నారు రిజిస్ట్రారు, ఖాళీ గడి మీద వేలు పెట్టి.

"దగ్గర బంధువుల పేపరు దిద్దకూడదండి. అది కూడా క్యాంపు నిబంధనే. ఆ గడి వదిలెయ్యండి."

డైరెక్టరు గారు, రిజిస్ట్రారు గారు కొంతసేపు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. తొమ్మిది ఈ అమ్మాయివి కానప్పుడు, తగ్గిన ఒకటి కూడా ఈ అమ్మాయిది కాదు. అంటే ఈమె కరుణను ఇంతవరకు ఎవరూ కొలవలేదు. కొలవలేదు గనక లోపం లేదు. లోపం గడిలో ఒకటిని కొట్టేసి అడ్డగీత గీసి, కొలవడానికి ఈ రోజుకు వేళ మించిపోయింది గనక రాతపరీక్ష ర్యాంకును బట్టి ఆరో సీటు ఇవ్వవచ్చునని తీర్మానం రాశారు. అంత తెలివితక్కువ కారణంతో అంత న్యాయమైన పని జరగడం మాస్టారు సర్వీసులో చూడలేదు. సంతకం చేశారు.

ఆ సంతకం తడి ఆరకముందే డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. ఈనాటి పరిశోధన వల్ల ఒక మౌలిక సత్యం బయటపడిందని, కరుణ నిలవలు వైద్యుల వద్ద కాక రోగుల వద్ద ఉన్నట్టు రుజువైందని ప్రకటించారు. కనుక వచ్చే సంవత్సరం నుంచి రోగులను చేర్చుకునే ముందు వారికి కరుణా ప్రవేశ పరీక్ష నిర్వహించాలి. మంచంలో పక్కకు జరగగలిగినవారికి మొదటి ప్రాధాన్యం, జరగలేనివారికి సప్లిమెంటరీ. రిజిస్ట్రారు గబగబా రాసుకున్నారు. దీనికి కూడా చీఫ్ ఎగ్జామినరుగా ఉండమని మాస్టారిని కోరారు. బడిలో అర్ధ సంవత్సర పరీక్షలున్నాయని చెప్పి మాస్టారు లేచారు.

వరండాలో, మంచం పోగొట్టుకున్న ముసలావిడ సెలైను సీసాను కిటికీ చువ్వకు ఎత్తి కడుతూ ఎస్తేరు కనిపించింది. మాస్టారిని చూసి చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది. సీటు గురించి ఆమె ఏదో అనబోతుంటే ఆయన చెయ్యి అడ్డం ఊపారు.

"పదకొండు నిమిషాలన్నారు కదమ్మా. కూర్చోమన్నాక ఇంకేమన్నా అందా?"

"అన్నారండి. మీకు చెప్పమన్నారు. నేనే చెప్పలేదు."

ఏమని చెప్పమందో అడిగారు మాస్టారు.

"మీరు టిఫినుకి వెళ్ళారన్నారు. రెండు పొట్లాలు తెత్తారు, రెండూ నాకే పెడతారు, తినేసే వచ్చానని అబద్ధం చెబుతారు అన్నారండి. నా మాట వినరు, డాక్టరు చెబితే వింటారు, నువ్వు కాస్త గట్టిగా చెప్పవే అన్నారు. సరేనన్నాను. లేచేసరికి మీరు గుమ్మంలో ఉన్నారు. చెబుదామనుకునే లోపల అయిదో మంచం వాళ్ళు పిలిచారండి. సాయంత్రానికి మరి..."

మాస్టారు వరండా చివరి దాకా చూసి, చూపు వెనక్కి తెచ్చుకున్నారు. ఆయన చొక్కా కాలరు మెడ చుట్టూ రెండు వేళ్ళు పట్టేంత వదులుగా ఉండడం ఎస్తేరు అప్పుడు గమనించింది.

"ఇవాళ ఏం తిన్నారండి?"

"తినేసే వచ్చానమ్మా" అన్నారు మాస్టారు.

"అబద్ధం" అంది ఎస్తేరు. వరండాలో పడుకున్న ముసలావిడ తల తిప్పి చూసేంత గట్టిగా అంది. "పదండి కాంటీనుకి. నేనూ తినలేదు."

మాస్టారు ఎదురు చెప్పకుండా ఆమె వెనకాల నడిచారు.